గడ్డిలో పెట్టిన బంగినపల్లి మామిడి ముడతలు పడి పుల్లగానే ఉందా? తొడిమ దగ్గర నల్లమచ్చలు కూడా వచ్చాయా?

గడ్డిది తప్పు కాదండి, కాయ పరువుకి రాకముందే, అంటే ముదరకముందే కోసేశారు. వారం మాగబెట్టినా ముడతలు పడి పులుపు పోలేదంటే దాదాపు అదే కారణం. లేత కాయ మెత్తబడుతుంది గానీ తీపెక్కదు.

తోటకెళ్లి మనమే కోసుకునేటప్పుడు అందరం చూసేది సైజు, రంగు. చూడాల్సింది ముచ్చిక, అంటే తొడిమ ఉండే చోటు. పరువుకొచ్చిన కాయకి భుజాలు నిండుగా పైకి లేచి, తొడిమ చిన్న గుంటలో దిగినట్టు ఉంటుంది. భుజాలు జారుగా ఉంటే కాయ ఎంత పెద్దదైనా సరే చెట్టు మీదే వదిలేయండి.

అనుమానముంటే ఒక్క కాయ కోసి బకెట్ నీళ్లలో వెయ్యండి. మునిగితే పరువు, తేలితే లేత.

ఇక ముచ్చిక దగ్గర నల్లమచ్చలు, అవి సొన కారినవి. ఈసారి కోసేటప్పుడు ఇలా చేయండి.

1. చిక్కంతోనే (వల కట్టిన గెడతో) కోయండి, కొమ్మ దులపొద్దు. కింద పడ్డ కాయ మాగేలోపే కుళ్లుతుంది.
2. అంగుళం తొడిమ ఉంచి కోయండి.
3. నీడలో తొడిమ తుంచి, వెంటనే కాయని బోర్లించి రెండు గంటలు సొన కారనివ్వండి. తర్వాత కడిగి, పూర్తిగా ఆరాకే గడ్డిలో పెట్టండి.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నవాటిలో గట్టిగా ఉన్నవి పప్పులో వేసేయండి, పండుతాయని ఎదురుచూడకండి.