గోడ మీద బొమ్మ: కళా, నేరమా?

ప్రశ్న: మా ప్రహరీగోడపై రాత్రికి రాత్రే ఎవరో పెద్ద చేప బొమ్మ వేశారు. పిల్లలు మురిసిపోతున్నారు, మావారు పోలీసులకు చెబుదామంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్లేశ్వరం, బెంగళూరు

జవాబు: బొమ్మ ఎంత ముచ్చటగా ఉన్నా, ఇంటివారిని అడగకుండా వేయడం తప్పేనమ్మా, గోడల వంటి, అందరికీ కనిపించే చోట్లను పాడుచేయకుండా నిరోధించే చట్టం కర్ణాటకలో 1981 నుంచే ఉంది. అయితే 2015లో మీ నగరంలోనే, సుల్తాన్‌పాళ్యలో నీళ్లు నిలిచిన రోడ్డు గుంతను చెరువులా చిత్రించి, అందులో నిలువెత్తు మొసలి బొమ్మను ఉంచిన కళాకారుడు బాదల్ నంజుండస్వామి పని వల్ల అధికారులు కదిలి ఆ గుంతను పూడ్చారు. అటువంటి కళను నేరమనడానికి నాకు మనసొప్పదు. అది అందరి బాధనూ చూపింది. మీ గోడ మాత్రం మీ సొంతం. సున్నం వేయించాలో, పిల్లల కోసం చేపను ఉంచాలో మీ ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి.