లోపాలు వెతికే పనికి జీతం ఎవరిస్తారు?

నర్సంపేట నుంచి ఒక తండ్రి రాశారు. హనుమకొండలో ఏఐ-ఎంఎల్ బ్రాంచిలో మూడో సంవత్సరం చదువుతున్న కూతురు ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచిన) మెషీన్ లెర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో భద్రతా లోపాలు వెతుకుతానంటోందట, హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోచింగ్‌కు పంపుతామంటే ఒప్పుకోవడం లేదట. రెంటిలో ఏది మేలని వారి ప్రశ్న. హ్యాకింగ్ అంటే కేసుల పాలవుతుందేమోనన్న భయం మాత్రం ఉత్తరం చివర, ఒక్క వాక్యంలో ఉంది.

ముందుగా ఆ భయం సంగతి చూద్దాం. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లలోకి చొరబడటం 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం తప్పే, దురుద్దేశంతో చేస్తే నేరం కూడా. అయితే ఎవరైనా చదువుకోవచ్చని బయట పెట్టిన కోడ్‌ను తన ల్యాప్‌టాప్‌లో పరీక్షించి, కనిపించిన లోపాన్ని బహిరంగపరచకుండా మొదట దానిని రాసినవారికే తెలియజేయడం ఆ రంగంలో గౌరవం తెచ్చే పద్ధతి.

ఇక పని విషయానికి వస్తే, ఏఐ మోడళ్లను తయారుచేసే పైటార్చ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో, ఆ మోడళ్లను భద్రపరచడానికి చాలాకాలంగా వాడుతున్న పికిల్ అనే రకం ఫైలును తెరిచినంత మాత్రానే అందులో ఎవరో దాచిన ఆదేశాలు మన కంప్యూటర్‌లో అమలు కాగలవు. దీనికి విరుగుడుగా మోడల్ వెయిట్లను (అది నేర్చుకున్న అంకెలను) మాత్రమే చదివే పద్ధతిని తెచ్చి, 2025 జనవరిలో వచ్చిన పైటార్చ్ 2.6 వెర్షన్‌లో ప్రత్యేకంగా కోరకపోయినా అదే వర్తించేలా చేశారు. పాత వెర్షన్లలో ఆ విరుగుడులోనే లోపం ఉందని అదే ఏడాది ఏప్రిల్‌లో వెల్లడైంది. 2022 డిసెంబరు చివరి వారంలోనైతే, పైటార్చ్‌కు తోడుగా వాడే టార్చ్‌ట్రైటన్ అన్న ప్యాకేజీ అసలు పేరుతోనే ఎవరో పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు దొరికే బహిరంగ నిల్వలో) పెట్టిన దొంగ ప్యాకేజీ, పైటార్చ్ నైట్లీ వెర్షన్‌ను (రోజువారీ ప్రయోగాత్మక వెర్షన్‌ను) లినక్స్‌లో పిప్ అనే సాధనం ద్వారా ఇన్‌స్టాల్ చేసుకున్నవారి ఫైళ్లను బయటికి చేరవేసింది. ఇటువంటివి కనిపెట్టాలంటే పైథాన్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ లోతుగా తెలియాలి. మూడు నెలల కోచింగ్‌లో అందరి చేతా ఒకే ప్రాజెక్టు చేయించే చోట అవి అబ్బుతాయని నేను నమ్మను. ఆ మాటకొస్తే 'ఏఐ సెక్యూరిటీ' సర్టిఫికెట్ల మీదా నాకు నమ్మకం లేదు.

అమ్మాయి కూడా ఒకటి గ్రహించాలి. బగ్ బౌంటీ సొమ్మును (లోపం కనిపెట్టి చెప్పినందుకు ఇచ్చే బహుమతిని) జీతంగా లెక్కవేసుకోకూడదు. మొదటి ఉద్యోగం మామూలు ప్రోగ్రామర్‌గానో టెస్టింగ్‌లోనో రావచ్చు, దానివల్ల నష్టమేమీ లేదు.

అయ్యా, కోపగించుకోకండి. మీ రెండు పేజీల ఉత్తరంలో పక్కింటి అబ్బాయి జీతం ప్యాకేజీ రెండుసార్లు వచ్చింది గానీ, మీ అమ్మాయి ఇంతవరకు ఏం చేసిందో ఒక్కసారీ రాలేదు. కోచింగ్ ఫీజు కట్టే ముందు ఆమె పక్కన ఒక గంట కూర్చొని, వెతికిన లోపమేదైనా ఉంటే చూపించమనండి. చూపించిందంటే ఆ డబ్బులో కొంతతో ఆమె ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచండి.