హెచ్‌డీఎఫ్‌ఎస్ కమాండ్ ఎందుకింత స్లో? లైబ్రరీకి మారొచ్చా?

ప్రశ్న: మా ఆఫీసులో హడూప్ క్లస్టర్ (చాలా మెషీన్ల మీద కలిపి డేటా దాచే సెటప్) ఉందండి, దాని ఫైల్ సిస్టమే హెచ్‌డీఎఫ్‌ఎస్. రోజూ రాత్రి ఒక షెల్ స్క్రిప్ట్ వేల ఫోల్డర్లని ఒక్కొక్కటిగా హెచ్‌డీఎఫ్‌ఎస్ కమాండ్‌తో చెక్ చేసి పాతవి డిలీట్ చేస్తుంది, అది అయ్యేసరికి తెల్లారిపోతోంది. అడ్మిన్లేమో క్లస్టర్ మీద లోడే లేదంటున్నారు. పైథాన్ లైబ్రరీతో రాసేస్తే ఫాస్ట్ అవుతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ అడ్మిన్లు చెప్పింది నిజమేనండి, టైమంతా మీ స్క్రిప్ట్ నడిచే మెషీన్‌లోనే పోతోంది. ఆ కమాండ్ కొట్టిన ప్రతిసారీ కొత్తగా ఒక జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) లేస్తుంది, హడూప్ జార్లూ (జావా కోడ్ ఫైళ్లు) కాన్ఫిగ్ ఫైళ్లూ లోడ్ చేసుకుంటుంది, అప్పటికిగానీ నేమ్‌నోడ్‌ని (ఏ ఫైల్ ఎక్కడుందో లెక్క ఉంచుకునే సర్వర్) అడగదు, నేమ్‌నోడ్ మెటాడేటా (ఫైళ్ల పేర్లూ వివరాలూ) అంతా మెమరీలోనే పెట్టుకుంటుంది కాబట్టి జవాబు మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది, ఆ వెంటనే జేవీఎం క్లోజ్. వేల ఫోల్డర్లకి ఇదే వేలసార్లు.

అందుకే లైబ్రరీ దాకా వెళ్లకముందు ఒక పని చేసి చూడండి. ఒకే కమాండ్‌కి చాలా పాత్‌లు ఇవ్వొచ్చు, వందేసి చొప్పున ఇచ్చినా సగం బాధ తీరిపోతుంది.

ఇక లైబ్రరీల సంగతి. స్పాటిఫై వాళ్లు చేసిన స్నేక్‌బైట్ జావా లేకుండా నేరుగా నేమ్‌నోడ్‌తో ఆర్‌పీసీలో (సర్వర్‌లోని ఫంక్షన్‌ని నెట్‌వర్క్ మీద పిలిచే పద్ధతి) మాట్లాడేది, లైబ్రరీ, కమాండ్ రెండూ అందులోనే ఉండేవి, కానీ అది పైథాన్ 2 కాలం నాటిది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పను. గో భాషలో రాసిన క్లయింట్ కూడా ఉంది, ఒక్క బైనరీ కాపీ చేసుకుంటే చాలు. పైఆరో అనే పైథాన్ లైబ్రరీ లోపల జేవీఎంనే వాడుతుంది, కాకపోతే ప్రోగ్రామ్ మొత్తానికి ఒక్కసారే లేస్తుంది కాబట్టి మీ పనికి బాగానే సరిపోతుంది. హెచ్‌డీఎఫ్‌ఎస్‌ని వెబ్ ద్వారా అడిగే వెబ్‌హెచ్‌డీఎఫ్‌ఎస్ అయితే మామూలు హెచ్‌టీటీపీ, హడూప్ 3లో పోర్ట్ 9870. ఏది వాడినా ఫైల్ చదివేటప్పుడు డేటా వచ్చేది దాన్ని దాచే మెషీన్లైన డేటానోడ్ల నుంచి, ఫైర్‌వాల్‌లో నేమ్‌నోడ్ ఒక్కటే ఓపెన్ చేస్తే లిస్టింగ్ వస్తుంది గానీ రీడ్ ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం, దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. మీ స్క్రిప్ట్ డిలీట్ చేస్తుంది అన్నారు కదా. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ట్రాష్ అనేది షెల్ కమాండ్ చేసే పని, అది ఫైల్‌ని చెరిపెయ్యకుండా మీ యూజర్ డైరెక్టరీలో డాట్ ట్రాష్ అనే ఫోల్డర్‌లోకి మూవ్ చేస్తుంది, అదీ ట్రాష్ ఇంటర్వెల్ (ట్రాష్‌లో ఎంతసేపు ఉంచాలనే గడువు) సెట్ చేసి ఉంటేనే, హడూప్ డిఫాల్ట్‌లో అది 0, అంటే ఆఫ్. లైబ్రరీ నుంచి డిలీట్ పిలిస్తే మాత్రం మామూలుగా ఆ కాల్ నేరుగా నేమ్‌నోడ్‌కి వెళ్తుంది, ట్రాష్ ఆన్‌లో ఉన్నా సరే ఫైల్ పోయినట్టే. ఇన్నాళ్లూ పొరపాటున డిలీట్ అయినవి మీవాళ్లు ట్రాష్‌లోంచి వెనక్కి తెచ్చుకుంటూ ఉండుంటే, మారిన రోజు నుంచి ఆ దారి మూసుకుపోతుంది, ఎవరూ చెప్పరు కూడా.

కాబట్టి కోడ్‌లో డిలీట్ బదులు రీనేమ్ వాడి ట్రాష్‌లోని కరెంట్ ఫోల్డర్‌లోకి మీరే మూవ్ చెయ్యండి, ఇంటర్వెల్ సెట్ అయి ఉంటే గడువు దాటాక నేమ్‌నోడే ఖాళీ చేసుకుంటుంది. ఇంటర్వెల్ నిమిషాల్లో ఉంటుంది, 1440 అంటే ఒక రోజు. ముఖ్యమైన డైరెక్టరీలకి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డైరెక్టరీ ఉన్న స్థితిని దాచిపెట్టేది) ఆన్ చెయ్యమని అడ్మిన్లని అడగండి. ఏ టూల్ ఎంచుకున్నా ముందు ఒక టెస్ట్ ఫోల్డర్ డిలీట్ చేసి అది ట్రాష్‌లో తేలిందో లేదో చూసుకున్నాకే రాత్రి జాబ్‌లో పెట్టండి.