ఏడాది స్పీడ్‌రన్నింగ్ చేశా, డబ్బులేం రాలేదు, ఇప్పుడు ఉద్యోగానికి గ్యాప్ ఇవ్వచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. ఏడాది నుంచి సూపర్ మారియో 64 స్పీడ్‌రన్ (గేమ్‌ని వీలైనంత తొందరగా పూర్తి చెయ్యడం) చేస్తున్నా, 16 స్టార్ కేటగిరీ. మొదట్లో 31 నిమిషాలు పట్టేది, ఇప్పుడు పీబీ (నా బెస్ట్ టైమ్) 19 నిమిషాల 12 సెకన్లు, సమ్ ఆఫ్ బెస్ట్ (ఒక్కో సెగ్మెంట్‌లో నా బెస్ట్ టైములన్నీ కలిపితే వచ్చేది) 17:20 చూపిస్తోంది. ఎమ్యులేటర్‌లోనే (కంప్యూటర్‌ని పాత కన్సోల్‌లా నడిపించే సాఫ్ట్‌వేర్) ఆడతాను. ఈ ఏడాదిలో కంట్రోలర్లు, క్యాప్చర్ కార్డ్, మైక్, లైటు, కుర్చీ కొన్నాను, ఎంతైందో రాసుకోలేదు. స్ట్రీమింగ్ మీద ఒక్క నెల పర్లేదు అనిపించేంత వచ్చింది, మిగతా నెలలు దాదాపు సున్నా. ఏడాదిలో ఏమొచ్చింది అని మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలో తెలీలేదు. ఇప్పుడు ఒరిజినల్ నింటెండో 64, పాత సీఆర్‌టీ (డబ్బా) టీవీ ఈఎంఐలో తీసుకుని, ఆర్నెల్లు ఉద్యోగం మానేసి ఫుల్ టైమ్ చేద్దామని ఉంది. 8 నెలల ఖర్చులకి సరిపడా సేవింగ్స్ ఉన్నాయి. ఎప్పటికైనా గేమ్స్ డన్ క్విక్ అనే స్పీడ్‌రన్ మారథాన్‌లో ఆడాలని ఆశ. ఈ ఏడాది వేస్ట్ చేశానంటారా? స్ప్లిట్స్ (ఒక్కో సెగ్మెంట్‌కి పట్టిన టైముల లిస్ట్) ఫోటో కూడా పంపుతున్నా.

జవాబు: ముందు సూటిగా చెప్పేస్తా, ఉద్యోగం మానొద్దు, కన్సోల్ కొనుక్కోవచ్చు కానీ ఈఎంఐలో వద్దు, ఏడాది మాత్రం అస్సలు వేస్ట్ కాలేదు. ఈ మూడూ ఎందుకంటున్నానో ఇప్పుడు వివరంగా చెప్తా.

31 నిమిషాల నుంచి 19:12కి రావడమంటే దాదాపు 12 నిమిషాలు కోసేశారు, అదీ రోజంతా ఉద్యోగం చేసొచ్చి సాయంత్రాలు కూర్చుని. ఈ గేమ్ మామూలుగా పూర్తి చెయ్యాలంటే 70 స్టార్లు కావాలి. మీ కేటగిరీలో ఆ కుందేలు మిప్స్‌ని పట్టుకుని తలుపులోంచి దూరిపోవడం, మెట్ల మీద బ్యాక్‌వర్డ్ లాంగ్ జంప్ కొట్టడం లాంటివి చేసి 16తోనే చివరి బౌజర్ (ఈ గేమ్‌లో విలన్) దగ్గరికి పోతారు. ముందుకి దూకితే మారియో స్పీడ్‌కి ఒక లిమిట్ ఉంటుంది, వెనక్కి దూకితే ఆ లిమిట్ పెట్టడం మర్చిపోయారు కాబట్టి స్పీడ్ పెరుగుతూనే పోతుంది, అందుకే 1997లో వచ్చిన షిండో ఎడిషన్‌లో దాన్ని తీసేశారు. ఇదంతా మీకు తెలిసిందే, ఎందుకు రాస్తున్నానంటే ఆ జంప్ చేతికి పట్టుబడాలంటే ఎన్ని సాయంత్రాలు అదే మెట్ల దగ్గర నిలబడాలో ఆలోచిస్తే అది ఊరికే టైమ్‌పాస్ కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

ఇక డబ్బుల సంగతి. హాబీ అనేది ఖర్చు, పెట్టుబడి కాదు, ఈ ఒక్క ముక్క మనసులో గట్టిగా పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది. సినిమా చూసొచ్చాక ఎంత లాభం వచ్చిందని ఎవరూ అడగరు కదా, దీన్ని కూడా లాభం లెక్కలోకి లాగాల్సిన పన్లేదు. కానీ మీ ఆవిడ అడిగిన ప్రశ్నని మీరు లాభం గురించి అనుకున్నట్టున్నారు, నాకైతే అలా అనిపించట్లా, డబ్బులు ఎటు పోతున్నాయి, సాయంత్రాలు ఎటు పోతున్నాయి, ఇదింకా ఎంత దూరం వెళ్తుంది అని అడుగుతున్నారు ఆవిడ. దానికి సమాధానం మీ దగ్గర లేకపోవడానికి కారణం ఒకటే, మీరు రాసుకోలేదు. లైవ్‌స్ప్లిట్ అనే టైమర్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి అటెంప్ట్ దానంతటదే లెక్కలోకి ఎక్కుతుంది, రీసెట్ కొట్టినవి కూడా, ఏ సెగ్మెంట్‌లో ఎన్ని సెకన్లు పోయాయో మీకు కంఠతా వచ్చు. అంత లెక్క రాసుకునే మనిషికి కార్డ్ స్టేట్‌మెంట్లు 12 ముందేసుకుని ఒక ఆదివారం కూర్చోవడం పెద్ద పని కాదు. కూర్చోండి, ఇద్దరూ కలిసి కూర్చోండి.

ఆ లిస్ట్ వేసేటప్పుడు మూడు రకాలుగా విడదీయండి. అరిగిపోయేవి, నిలబడేవి, వాడనివి. అరిగిపోయేవి అంటే కంట్రోలర్లు. పాత నింటెండో 64 కంట్రోలర్ తీసుకుంటే దాని స్టిక్ లోపల ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుని పొడి రాలుతుంది, కొన్నాళ్ళకి స్టిక్ వదులైపోయి ఊగిసలాడుతుంది, బౌజర్ తోక పట్టుకుని గిరగిరా తిప్పే గేమ్ కాబట్టి ఇంకా తొందరగా అరుగుతుంది. అంటే ఇది ఒకసారి పెట్టి మర్చిపోయే ఖర్చు కాదు, ప్రతి ఏడాదీ మళ్ళీ వస్తుంది, ముందే లెక్కలో ఉండాలి. నిలబడేవి మైక్, కుర్చీ, వాటి గురించి మాట్లాడేదేం లేదు, కుర్చీ మీద పెట్టింది మీ నడుము మీద పెట్టినట్టే. వాడనిది మాత్రం మీ దగ్గర ఒకటి కచ్చితంగా ఉంది, క్యాప్చర్ కార్డ్. బయట కన్సోల్‌లోంచి వచ్చే వీడియోని కంప్యూటర్‌లోకి తెచ్చుకోడానికి అది కావాలి, మీరేమో ఎమ్యులేటర్‌లో ఆడుతున్నారు, ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ స్క్రీన్‌ని నేరుగా రికార్డ్ చేసేస్తుంది, ఓబీఎస్ ఫ్రీ, లైవ్‌స్ప్లిట్ ఫ్రీ, అంటే ఈ హాబీకి అసలు అవసరమైన సాఫ్ట్‌వేర్ మొత్తం ఉచితంగానే వచ్చింది మీకు. ఆ కార్డ్ కొన్నప్పుడు "రేపు కన్సోల్ తీసుకుంటాగా" అనుకునుంటారు. ఇప్పుడు కన్సోల్ కొనడానికి "కార్డ్ ఎలాగూ ఉందిగా" అనేది కారణం అవుతుంది. ఒక వస్తువు ఇంకో వస్తువుని కొనిపిస్తుంది, అన్ని హాబీల్లోనూ డబ్బు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

ఇప్పుడు మీ స్ప్లిట్స్ చూద్దాం, ఎందుకంటే ఏం కొనాలో ఏం అక్కర్లేదో అందులోనే ఉంది. పీబీకీ సమ్ ఆఫ్ బెస్ట్‌కీ మధ్య 112 సెకన్ల తేడా ఉంది. అందులో పెద్ద ముక్క చివరి బౌజర్ దగ్గర పోతోంది, మొదటి రెండు బౌజర్లకి ఒక్కసారి విసిరితే చాలు, చివరివాడికి మూడు సార్లు బాంబుకి తగిలేలా విసరాలి, మీకు రెండో విసురు తప్పుతున్నట్టుంది. ఇప్పుడు సీఆర్‌టీ టీవీ వల్ల వచ్చే లాభమేంటి, డిస్‌ప్లే లాగ్ తగ్గుతుంది. ఈ గేమ్ సెకనుకి 30 ఫ్రేములు నడుస్తుంది, ఒక ఫ్రేమ్ అంటే సెకనులో ముప్పయ్యో వంతు. మీ మానిటర్‌లో ఒకటి రెండు ఫ్రేముల లాగ్ ఉందనే అనుకుందాం, అది ప్రతి బటన్‌కీ కూడుకుంటూ పోయేది కాదు, మీకు బొమ్మ కొంచెం లేటుగా కనిపిస్తుందంతే, టైమింగ్ అలవాటు మారుతుంది. 15 నిమిషాల దగ్గర సెకన్ల కోసం కొట్టుకునే వాళ్ళకి అది చాలా పెద్ద విషయం. 19 నిమిషాల దగ్గర ఉన్న మీకు తప్పిన ఒక్క విసురు అంతకన్నా చాలా ఎక్కువ తినేస్తుంది, దానికి మందు ప్రాక్టీసు, దాని రేటు సున్నా. పైగా మీ కేటగిరీ లీడర్‌బోర్డులో (టైముల ర్యాంకుల పట్టికలో) ఎమ్యులేటర్ రన్స్‌కి కూడా చోటుంది, ప్లాట్‌ఫామ్ పక్కన కనిపిస్తుందంతే.

అయినా ఒరిజినల్ కన్సోల్ కావాలనే కోరిక తప్పని నేను అనను. చిన్నప్పుడు చూసిన వస్తువు చేతిలో పెట్టుకుని ఆడాలనుకోవడం మంచి కోరికే, అలాంటి వాటికోసమే కదా సంపాదించేది. కాకపోతే "టైమ్ తగ్గుతుంది" అనే సాకుతో కాకుండా "నాకిష్టం" అని చెప్పి కొనండి, అప్పుడు ఎంతవరకు పెట్టచ్చో బుర్ర సరిగ్గా చెప్తుంది. డబ్బులు పోగేసుకుని కొనండి, ఈఎంఐ వద్దు, సరదా కోసం కొన్న వస్తువుకి నెలనెలా వడ్డీ కడుతుంటే ఆ సరదా మీద విసుగొస్తుంది. కన్సోల్ అయితే రేపు వద్దనుకున్నా తీసుకునే వాళ్ళు దొరుకుతారు, సీఆర్‌టీ అలా కాదు, కొత్తవి తయారుచెయ్యట్లేదు, రిపేరు తెలిసినోళ్ళు తగ్గిపోయారు, బరువు మోసి పంపించడం నరకం, కాబట్టి ముందు కన్సోల్, టీవీ ఎక్కడైనా దగ్గర్లో ఎవరైనా వదిలించుకుంటుంటే అప్పుడు.

అసలు విషయానికొస్తే, ఉద్యోగం మానడం. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ "ఒక్క నెల". ఆ నెల వచ్చినంత ప్రతి నెలా వస్తే ఆర్నెల్లు నెట్టుకురావచ్చని లెక్కేశారు, పైకి రాయలేదు కానీ లెక్కేశారని తెలుస్తూనే ఉంది. మీకు బాగా తెలిసిన భాషలో చెప్తా, అది సమ్ ఆఫ్ బెస్ట్ పట్టుకుని అదే నా పీబీ అని చెప్పుకోవడం లాంటిది. ఒక్కో సెగ్మెంట్‌లో గోల్డ్ (ఆ సెగ్మెంట్‌లో మీ బెస్ట్ టైమ్) ఏదో ఒక రోజు వచ్చుంటుంది, అవన్నీ ఒకే రన్‌లో రావు, అందుకే 17:20 అనేది మీరు ఎప్పుడూ ఆడని రన్. ఆదాయం కూడా అంతే, బెస్ట్ నెలని 6తో గుణించి బడ్జెట్ వెయ్యకూడదు. 12 నెలల్లో వచ్చింది తక్కువ నుంచి ఎక్కువకి వరసగా రాసి, మధ్యలో ఉన్న నెల చూడండి, మీ విషయంలో అది దాదాపు సున్నా. ప్లాన్ ఆ మధ్య నెల మీద కట్టాలి.

ఇంకో లెక్క చూడండి. 8 నెలల సేవింగ్స్‌లో ఆర్నెల్లు తినేస్తే మిగిలేది 2 నెలలది, ఆ 2 నెలల్లో కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి, ఇంటర్వ్యూలు, జాయినింగ్, మొదటి జీతం వచ్చేసరికి ఇంకో నెల. మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? రన్ మధ్యలో చచ్చిపోతే రీసెట్ కొట్టి మళ్ళీ మొదలెడతారు, ఇక్కడ ఆ బటన్ లేదు. 6 నెలల ఖర్చులు ఎమర్జెన్సీ ఫండ్‌గా ఎప్పుడూ కదపకుండా ఉండాలి, అది హాబీకీ కాదు, కన్సోల్‌కీ కాదు. అంటే మీ దగ్గర నిజంగా చేతిలో ఉన్నది 8 నెలలు కాదు, 2 నెలలది మాత్రమే. ఆ కళ్ళతో చూస్తే ఆర్నెల్ల గ్యాప్ అనే మాట మీరే ఎత్తరు.

మరి ఏం చెయ్యాలంటే, హాబీకి ఒక వేరే అకౌంట్ తెరవండి, చేతికొచ్చే జీతంలో 3 నుంచి 5 శాతం జీతం పడ్డ రోజే అందులోకి వెళ్ళిపోవాలి, ఎంతనేది ఆవిడతో కలిసి తేల్చుకోండి. ఆ డబ్బు మీద ఇద్దరిలో ఎవరూ ప్రశ్న అడక్కూడదు, అది దాటి ఒక్క రూపాయి కూడా ముట్టకూడదు. స్ట్రీమ్ మీద ఏమన్నా వస్తే అదీ అందులోకే, క్యాప్చర్ కార్డ్ అమ్మితే ఆ డబ్బూ అందులోకే. కంట్రోలర్లు, కన్సోల్, రేపటి ప్రయాణాలు అన్నీ అందులోంచే. ఏడాది పాటు స్ట్రీమ్ ఆదాయం రాసుకోండి, మధ్య నెల ఆదాయం మీ నెల ఖర్చులో సగానికి చేరి, అలా వరసగా ఇంకో ఏడాది నిలబడితే, అప్పుడు నాకు మళ్ళీ రాయండి, అప్పుడు గ్యాప్ గురించి సీరియస్‌గా మాట్లాడుకుందాం. ఈ లైన్‌లో నేను కావాలనే కఠినంగా ఉంటున్నా, ఎందుకంటే లీడర్‌బోర్డులో పైకెళ్ళినంత మాత్రాన ఎవరూ జీతం ఇవ్వరు, డబ్బొచ్చేది చూసేవాళ్ళ వల్ల, అది వేరే పని, ఆ పని మీకు ఇష్టమో కాదో కూడా మీరింకా తేల్చుకోలేదు. రన్ ఆడటం ఇష్టం వేరు, రోజూ కెమెరా ముందు కబుర్లు చెప్తూ ఆడటం వేరు.

సాయంత్రాల గురించి కూడా ఒక మాట. కొంతమంది హాబీలో గడిపిన గంటల్ని జీతంతో గుణించి ఇంత నష్టం అని చెప్తుంటారు, నాకు ఆ లెక్క నచ్చదు, ఆ గంటల్లో మీరు ఎలాగూ జీతం తెచ్చుకునేవాళ్ళు కాదు. కానీ నిద్ర తగ్గి మర్నాడు ఆఫీసులో పని చెడుతుంటే, లేదా ఇంట్లో మీరు చెయ్యాల్సిన పని ఇంకొకళ్ళు చేస్తుంటే, అది నిజమైన ఖర్చు, దాన్ని లిస్ట్‌లో రాయండి.

చివరగా గేమ్స్ డన్ క్విక్. 2010లో మొదలైన ఛారిటీ మారథాన్ అది, జనవరిలో జరిగేది క్యాన్సర్ నివారణ కోసం, వేసవిలో జరిగేది డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కోసం, 2020 జనవరిలో ఒక్క వారంలో 30 లక్షల డాలర్లకి పైగా పోగైంది. ఆ డబ్బంతా సేవకి పోతుంది, ఆడిన వాళ్ళకి పారితోషికం ఉండదు, ప్రయాణం, బస ఖర్చులు మీవే అనుకుని లెక్కేసుకోండి. చాలామంది అప్లై చేస్తారు, తీసుకునేది కొందరినే, అందుకని సెలెక్ట్ అయినట్టు చెప్పేదాకా టికెట్లు బుక్ చెయ్యద్దు, పాస్‌పోర్ట్, వీసాకి పట్టే టైమ్ మాత్రం ముందే చూసుకోండి. హాబీ అకౌంట్‌లో సగాన్ని ఈ ఏడాది నుంచే "మారథాన్" అని పేరు పెట్టి పక్కన పెట్టడం మొదలెట్టండి, రెండు మూడేళ్ళలో పీబీ అక్కడికి చేరేసరికి డబ్బు కూడా చేరుతుంది, ఆవిడక్కూడా టికెట్ లెక్కలో వేసుకోండి.