పాత ఎస్టేటు కారు కొనబోతున్న బుజ్జమ్మకు

జయపురం

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు విశాఖపట్నంలో ఒక పాత టాటా ఎస్టేటు కారు చూశావనీ, దానిని కొని సెలవు రోజుల్లో నీ చేతులతోనే బాగుచేసుకోవాలనుకుంటున్నావనీ, వచ్చే నెలలో సాలూరు ఘాటు మీదుగా స్వయంగా నడుపుకుంటూ సునాబెడకు తెచ్చుకుంటావనీ చెప్పాడు. మొదటి రెండు మాటలకు ఎంత సంతోషించానో, మూడో మాటకు అంతగా నిద్ర పట్టలేదు. మన ఇంట్లో మగపిల్లలెవరూ స్పానరు ముట్టలేదు. నా కొట్లో బేరింగుల అట్టపెట్టెల మీద కూర్చుని, వాటి మీది నంబర్లు పైకి చదివి వినిపించిన పిల్లవు నువ్వొక్కదానివే. అందుచేత ఇది వద్దని చెప్పే ఉత్తరం కాదు. ఫోనులో అయితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు కనుక వ్రాస్తున్నాను.

బండి ఎంపికను తప్పుపట్టను. 1992లో వచ్చిన ఎస్టేటు మన దేశంలో స్టేషన్ వాగన్, అంటే వెనుక సామాను చోటు మీద కూడా పైకప్పు సాగిన కారు, అనదగిన కొద్ది బండ్లలో ఒకటి. దాని 1948 సీసీ డీజిల్ ఇంజను, అంటే 83 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజను, సియెరాలోనూ, ఆ తరువాత వచ్చిన సుమోలోనూ నడిచినదే కాబట్టి పిస్టన్లు, రింగులు, హీటరు ప్లగ్గులు, వాటర్ పంపు కిట్టు వంటివాటికి నువ్వు పెద్దగా తిరగవలసిన పని లేదు. పొగ కక్కే ఇంజను నన్ను భయపెట్టదు. డబ్బు పెడితే లేత్ షాపువాడు దానిని దారికి తెస్తాడు.

దొరకనివి వేరే ఉన్నాయి. వెనుక పక్కల ఉండే ఆ పొడుగాటి అద్దాలు, వెనుక తలుపు అద్దం, దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగు, టెయిల్ ల్యాంపులు, డ్యాష్‌బోర్డు, లోపలి ప్లాస్టిక్ ముక్కలు: వీటి కోసం నా కొట్టుకు వచ్చినవారు దాదాపు అందరూ వట్టి చేతులతోనే వెళ్లారు. పగిలిన ఒక్క అద్దం కోసం ఇంకో ఎస్టేటును తుక్కు కింద కొన్నవారిని కూడా చూశాను. కనుక బండి చూడబోయినప్పుడు బానెట్ తరువాత ఎత్తు. ముందు అద్దాలూ దీపాలూ అన్నీ ఉన్నాయో లేవో చూసుకో.

ఇక విశాఖ బండి సంగతి. అది సముద్రం కనిపించే ఇంటి ఆవరణలో చాలాకాలంగా నిలబడి ఉందని మీ నాన్న చెప్పిన వెంటనే నా మనసు సగం విరిగిపోయింది. ఉప్పుగాలికి ఇనుము ఏమవుతుందో గోపాలపురంలోనూ, బరంపురం చుట్టుపక్కలా బండ్లు నడిపినవారిని అడుగు. పైన రంగు కొత్తగా మెరుస్తోందని సంబరపడకు; పైన పటారం, లోన లొటారం అనే మాట పాత బండ్లకు సరిగ్గా సరిపోతుంది. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి, తలుపుల కింది అంచుల మీద, చక్రాల పైనున్న వంపుల మీద, వెనుక తలుపు అడుగున మెల్లగా జరుపు. ఎక్కడ అది పట్టు వదిలి జారిపోతే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. తరువాత లోపలి కార్పెట్ ఎత్తి, నేల రేకును బొటనవేలితో గట్టిగా నొక్కు. స్టెపినీ ఉండే గుంటలో నీరు నిలిచిన మరక ఉందేమో చూడు. అన్నిటికంటే ముఖ్యంగా బండి కిందికి దూరి, వెనుక స్ప్రింగులను బండిని మోసే అడుగు చట్రమైన ఛాసిస్‌కు పట్టి ఉంచే చోట స్క్రూడ్రైవరు పిడితో కొట్టి విను; మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము దబ్బుమని పొరలు రాలుస్తుంది. అక్కడ పొరలు రాలితే బేరం మాట్లాడకుండా లేచి వచ్చెయ్యి. నేల రేకు మార్చుకోవచ్చు, తలుపు అడుగు టింకరింగు చేయించుకోవచ్చు కానీ ఛాసిస్ తిన్న బండిని బాగుచేయడమంటే డబ్బు తగలేయడమే.

నన్నడిగితే టిట్లాగఢ్, బలంగీరు వైపు ఒక ఎస్టేటు వెతుకు. అక్కడి ఎండలకు రంగు పెళుసెక్కి ఊడిపోతుంది, డ్యాష్‌బోర్డు పగుళ్లు తీస్తుంది, రబ్బర్లు ఎండిపోతాయి. చూడడానికి దిక్కులేని బండిలా ఉంటుంది. అయినా అడుగు ఇనుము మాత్రం నిలుస్తుంది, నువ్వు కొనవలసింది ఆ ఇనుమునే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ చిన్నాన్న అంబాసిడరు కథ నువ్వు విన్నావు కానీ, ఇంట్లో అందరూ నవ్వుతూ చెప్పుకునే ముక్కనే విన్నావు. మిగతాది నేను చెబుతాను.

వాడు ఆ డీజిల్ అంబాసిడరును పార్వతీపురంలో ఒక రైసు మిల్లు వెనుక షెడ్డులో చూసి మోజుపడి కొన్నాడు. ఏళ్ల తరబడి కదలని బండి అది. ఇంజను విప్పించి బోరు చేయించాడు, కొత్త రంగు వేయించాడు, సీట్లకు ముదురు ఎరుపు ముఖమల్ కుట్టించాడు. బ్రేకుల మాట అడిగితే, పెడలును కాలితో నొక్కి చూపించి, "రాయిలా ఉంది అన్నయ్యా, దానికేం కాలేదు" అన్నాడు. నిలబడిన బండిలో పెడలు గట్టిగా ఉండడం చూసి మోసపోయినవాడు వాడొక్కడే కాదు. ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మీ నానమ్మను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని విజయనగరం బయలుదేరాడు.

దారిలోని కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో చాలా భాగం పొట్టంగి దాటాక, సుంకి నుంచి సాలూరు లోపలే దిగిపోవాలి. ముందు ఒక లోడు లారీ పాకుతూ పోతోంది. వీడు టాప్ గేరులోనే ఉండి, బ్రేకు మీద కాలు తీయకుండా దాని వెనుకే దిగాడు. "ఏదో కాలుతున్న వాసన వస్తోందిరా" అని నానమ్మ అంటే, అది ముందున్న లారీదని చెప్పాడట. రెండు మలుపుల తరువాత పెడలు నేలకు అంటుకుపోయింది. మళ్లీ తొక్కితే మళ్లీ అంతే. హ్యాండు బ్రేకు లాగితే తీగ చేతికి వదులుగా వచ్చింది. దేవుడి దయవల్ల వాడు లోయవైపు చూడకుండా స్టీరింగు కొండవైపు తిప్పి, బండిని కాలువలో పడేసి, రాతిగోడకు రాసుకుంటూ ఆపాడు. నానమ్మ ముందు సీటుకు కొట్టుకుని మణికట్టు విరిగింది. ఆ తరువాత ఆవిడ బతికినంతకాలం ఆ ఘాటు బస్సులోనే దిగింది, కారులో దిగలేదు.

మరునాడు నేను మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లి చక్రాలు విప్పించాను. వెనుక చక్రాల దగ్గర బ్రేకును నెట్టే రెండు వీల్ సిలిండర్లలో పిస్టన్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి, అంటే వెనుక బ్రేకులు ఏనాడూ పట్టలేదు. బండి బరువంతా, మనుషుల బరువంతా ముందు డ్రమ్ములే ఆపుతూ వచ్చాయి. లైనింగులు మాడి గాజులా నున్నబడ్డాయి. రిజర్వాయరులో ఉన్న ద్రవం కాఫీ డికాషన్‌లా నల్లగా ఉంది. ఒక రబ్బరు హోసును బ్లేడుతో నిలువుగా కోసి చూస్తే, పైకి నిక్షేపంలా ఉన్న ఆ గొట్టం లోపల ఉబ్బిపోయి, సన్నని గుండుసూది కూడా దూరనంతగా మూసుకుపోయి ఉంది. ఆ ముక్కను చాలాకాలం నా కొట్లో గల్లాపెట్టె పక్కన ఉంచాను, బ్రేకు కిట్లు తరువాత కొంటామనే గిరాకీలకు చూపించడానికి.

బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుందని నీకు తెలిసే ఉంటుంది. అది ఘాటులో ఏం చేస్తుందో తెలుసుకో. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు అవి 230, 155. సమతలంలో, ఊరి వీధుల్లో, ఆ వేడి ఎన్నడూ పుట్టదు కనుక పాత ద్రవంతో ఏళ్ల తరబడి నడిచిపోతుంది. ఘాటులో ఎడతెగకుండా తొక్కినప్పుడు ద్రవం మరిగి ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, కాలి బలం చక్రం దాకా చేరదు. ఆ రోజు జరిగింది అదే. అందులో బండి తప్పు లేదు, ఇంజను చేసిన మేస్త్రి తప్పూ లేదు. బ్రేకులు చూడమని అతనికి ఎవరూ చెప్పలేదు.

కనుక నువ్వు ఏ బండి కొన్నా, రంగు డబ్బా కొనకముందే మాస్టరు సిలిండరు కిట్టు, వీల్ సిలిండర్లు, హోసులన్నీ, హ్యాండు బ్రేకు తీగ కొత్తవి వేయించు. ఇనుప గొట్టాలను క్లిప్పులు పట్టుకున్న చోట విప్పి చూడు, తుప్పు అక్కడే మొదలవుతుంది. పాత ద్రవాన్ని పూర్తిగా తీసేసి, మూత మీద ఏ రకం వ్రాసి ఉంటే ఆ రకమే పోయించు. సీల్ చేసిన కొత్త డబ్బానే తెరువు, సగం వాడి దాచిన డబ్బా ఎంత మంచి మనిషి ఇచ్చినా వద్దను.

డీజిల్ బండిలో ఇంకో సంగతి ఉంది. పెట్రోలు బండిలో కాలి బలానికి తోడ్పడే బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూమ్ ఇంజను పీల్పులో దొరుకుతుంది. ఇలాంటి డీజిలులో దానికోసం ఒక పంపు పెడతారు, ఇంజను తిరిగితేనే అది తిరుగుతుంది. ఆ పంపు, దాని గొట్టం చూపించుకో. డీజిల్ మిగులుతుందని ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఘాటు దింపే పాత డ్రైవర్ల అలవాటు నీ దగ్గరికి రానివ్వకు. ఒకటి రెండు తొక్కులకు బూస్టరు సాయం పోతుంది, పవర్ స్టీరింగు సాయం కూడా దానితోనే పోతుంది. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు.

మిగతావి త్వరగా చెబుతాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించు, నువ్వు వెళ్లేసరికి వేడెక్కి ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లు. నీలం పొగ నూనె తాగడం. వేడెక్కాక కూడా ఆగని తెల్లపొగ, రేడియేటరులో నీరు తగ్గడం కలిసి ఉంటే ఇంజను పైభాగమైన సిలిండరు హెడ్డు వైపు అనుమానించు. వెనుక తలుపు బీడింగు పాడైన వాగన్‌లో, లేదా సామాను పట్టక ఆ తలుపు తెరిచి నడిపే వాగన్‌లో, సైలెన్సరు పొగ వెనుక సుడి తిరిగి లోపలికే వస్తుంది. చలికాలం అద్దాలు మూసుకుని కూర్చున్నవారికి అది విషం, కాబట్టి ఆ రబ్బరు విషయంలో పిసినారితనం చూపకు. ఒకేసారి బండినంతా విప్పి పరచకు. ఒక పని ముగించి, బండిని వీధి చివరి దాకా నడిపి చూశాకే ఇంకో పనికి చెయ్యి పెట్టు. విప్పిన నట్లు ఏ సీసాలో వేశావో ఆ సీసా మీద వ్రాసుకో.

కాగితాల దగ్గర నీ తొందర పనికిరాదు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నవేనా అని నీ కళ్లతో పోల్చుకో. సొంత బండికి 15 ఏళ్లు నిండాక ప్రతి 5 ఏళ్లకు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. అమ్మేవాడు పొడిగించకుండా వదిలేసి ఉంటే ఆ బకాయి నీ నెత్తిన పడకుండా ధరలోనే తేల్చుకో. విశాఖ బండే అయితే ఆంధ్ర నుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తేకుండా కొరాపుట్ ఆర్‌టీఓ నీ మాట వినడు. నీ పేరు మార్పుకు 30 రోజుల్లో అర్జీ పెట్టు. పాత బండ్లకు ప్రత్యేకమైన వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉందని ఎవరో నీకు చెప్పారట. అది 50 ఏళ్లు దాటినవాటికి. ఎస్టేటుకు ఆ గౌరవం 2042కు ముందు దక్కదు, అప్పటికి నేనుంటే దండ వేస్తాను.

మీ పెద్దమ్మ అప్పుడే శివరాత్రికి ఆ బండిలో గుప్తేశ్వరం వెళ్దామంటోంది, వెనుక ఎంతమంది పడతారో లెక్కలు కూడా వేస్తోంది. ఆవిడకు మాట ఇవ్వకు. ఈ శివరాత్రికి నీ బండి జాకీ స్టాండ్ల మీద నిలబడి ఉంటే చాలు, చక్రాలు విప్పి ఉన్నా నేను నిన్ను మెచ్చుకుంటాను.

ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదని మీ నాన్న చెప్పాడు, అది నిజమైతే ఇవ్వకు. నువ్వు ఏ శనివారం బయలుదేరేదీ రెండు రోజుల ముందు చెబితే నేను సాలూరులో నిన్ను కలుసుకుంటాను, విశాఖకు ఇద్దరం కలిసి వెళ్దాం. పాత చీర ఒకటి తెచ్చుకో, బండి కింద పడుకోవడానికి. నా మోకాళ్లు ఇప్పుడు వంగవు. కిందికి దూరేది నువ్వు, పైనుంచి టార్చి పట్టేది నేను. బేరం కుదిరితే బండి లారీ మీద ఎక్కించుకుని వస్తుంది. ఆ లారీ ఖర్చు నాది, దాని గురించి మీ నాన్నతో వాదించవద్దు.

ఇట్లు,
పెదనాన్న