అబ్బీ, డిస్కులు కొనే ముందు ఇది చదువు

అబ్బీ,

స్టూడియోలో రెయిడ్, అంటే ఒక డిస్కు చెడినా డేటా పోకుండా ఒకే డబ్బాలో కొన్ని డిస్కులను కలిపి వాడే ఏర్పాటు, పెట్టిస్తానని చెప్పి నువ్వు పంపిన కొటేషన్ చూసినాను. అందులో రెయిడ్ జీరో అని ఉంది. ముందు అది కొట్టేయించు. ఎడిటింగ్‌కు వేగంగా ఉంటుందని అంగడాయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఫైలు ముక్కలై రెండు డిస్కుల్లోనూ పడుతుంది, ఏ ఒక్కటి చెడినా మొత్తం పోతుంది. పేరుకే అది రెయిడ్.

నీకు రెయిడ్ వన్ చాలు. రెండు 8 టీబీ (టెరాబైట్ల) డిస్కులు, రెండింట్లోనూ అదే డేటా, నువ్వు వాడుకునే చోటు 8 టీబీ. సగం డబ్బు దండగ అని మీ నాయన గొణుగుతాడు, గొణగనీ. ఒకరి పెళ్లిని మళ్లీ చేయించి ఫొటోలు తీయలేము కదా.

రేపు గిరాకీ పెరిగి నాలుగు డిస్కులకు పోతే రెయిడ్ ఫైవ్ పెట్టుకోమంటారు. నాలుగు 4 టీబీలకు 12 టీబీ మిగులుతుంది, ఒకటి పోతే మిగతా మూడింటిని బట్టి లెక్కగట్టి కొత్తదాన్ని నింపుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ రీబిల్డ్ గంటల తరబడి, పెద్ద డిస్కులకు ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. అంతసేపూ పాత డిస్కులకు ఊపిరాడని పని. ఒకే బ్యాచ్‌వై, ఒకే వేడిలో తిరిగిన డిస్కుల్లో ఇంకోటి అప్పుడే మొరాయిస్తే చేసేదేం లేదు. అందుకే నాలుగైతే రెయిడ్ సిక్స్ పెట్టు. చోటు 8 టీబీకి తగ్గుతుంది, ఏ రెండు పోయినా డేటా నిలుస్తుంది. ఇప్పుడు కొనే రెండు కూడా వేర్వేరు అంగళ్లలో తీసుకో. డేటా వరసలను పక్కపక్కన రాసే సీఎమ్ఆర్ రకమే అడుగు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాసే ఎస్ఎమ్ఆర్ డిస్కులు రీబిల్డ్‌లో సతాయిస్తాయి.

అసలు జనం మునిగేది వేరే చోట. రెయిడ్ వన్‌లో ఒక డిస్కు చచ్చినా ఆల్బమ్ పని మామూలుగానే నడుస్తుంది. డబ్బా కీమని మొత్తుకుంటే, చెవులు పోతున్నాయని బజర్ ఆపేసేవాళ్లను చూసినాను. ఆ తర్వాత నెలల తరబడి ఒంటి డిస్కు మీదే బండి లాగుతారు. నువ్వు హెచ్చరిక ఈమెయిలు నీ ఫోనుకొచ్చేలా పెట్టించు, అది నిజంగా వస్తుందో లేదో ఒకసారి పరీక్షించు.

ఇంకోటి. డిస్కులు బిగించే ముందే వాటి సీరియల్ నంబర్లు చిన్న చీటీల మీద రాసి ట్రేల ముందు అంటించు. స్క్రీన్ మీద చెడిన డిస్కు నంబరు కనిపిస్తుంది, చేయి మాత్రం బాగున్నదాన్ని పీకుతుంది. గాభరాలో ఎంత తెలిసినవాడైనా చేసే పనే అది. డేటా ఎక్కించకముందే ఒక డిస్కు పీకి చూడు, తిరిగి పెట్టి రీబిల్డ్ పూర్తయ్యేదాకా చూడు. యూపీఎస్ లేకుండా మాత్రం స్విచ్ వేయొద్దు, రాస్తుండగా కరెంటు పోతే డేటా రెండు డిస్కుల్లో రెండు రకాలుగా మిగులుతుంది. మే నెలలో ఆ గదిలో గాలి ఆడుతుందా అన్నది కూడా చూసుకో.

ఇంత చేసినా రెయిడ్ బ్యాకప్ కాదు. నువ్వు పొరపాటున ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలులోకి నీళ్లొచ్చినప్పుడు నువ్వు చిన్నోడివి. అట్లాంటి నీళ్లలో డబ్బాలో రెండు డిస్కులున్నా, ఆరున్నా ఒకటే. నీ స్టూడియో ఉన్నది గ్రౌండ్ ఫ్లోర్‌లోనే కదా!

కాబట్టి విడిగా ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్కు కొను. ప్రతి పెళ్లి పని అయిపోగానే దాంట్లోకి కాపీ చేసి, కేబుల్ పీకి, ఊరవతల పెట్టు. ఆదోనిలో మా బీరువాలో చోటుంది, మీ చిన్నమ్మను అడిగినాను, సరేనంది. ఉగాదికి వచ్చేటప్పుడు మొదటిది పట్టుకురా.

మీ చిన్నాయన