పేలియో భోజనంలో అరటికాయ

ప్రశ్న: మా వారు పేలియో ఆహార పద్ధతి (ఆదిమానవుల తిండిని పోలిన భోజనం) మొదలుపెట్టి అన్నం, పప్పు, పెరుగు మానేశారు. అరటికాయతో కారంగా, కడుపు నిండేలా ఏమి వండవచ్చో తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అరటికాయ ఈ పద్ధతికి నిక్షేపంగా సరిపోతుంది, చిక్కంతా మనం దానికి అలవాటుగా చేర్చే వాటితోనే. ధాన్యాలు, పప్పుధాన్యాలు, పాల పదార్థాలు కూడవు కనుక శనగపిండి బజ్జీలూ, తాలింపులోని మినప్పప్పూ, వేరుశనగ నూనే కాక, ముక్కలు నల్లబడకుండా వాడే మజ్జిగ నీళ్లు సైతం పనికిరావు. ఉప్పు నీళ్లు చాలు. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది కాబట్టి డబ్బా మీది వివరాలు చదవండి.

మీ ప్రాంతంలో రొయ్యలకు కొదవ లేదు గనుక నా ఓటు రొయ్యలు కలిపిన అరటికాయ పొడికూరకే. కాయలను తొక్కతోనే సగానికి కోసి, తొక్క రంగు మారి చాకు సులువుగా దిగేదాకా ఉడికించి, చల్లారాక ఒలిచి చేత్తో చిదమండి. కొబ్బరినూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు చిటపటలాడాక ఉల్లిపాయ ముక్కలు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, నరం తీసి ఉప్పు, పసుపు, కారం పట్టించిన రొయ్యలు వేయండి. అవి ముడుచుకొని ఎర్రబడగానే చిదిమిన అరటికాయ కలిపి, దించాక నిమ్మరసం పిండండి. ఆలస్యం చేస్తే రొయ్యలు రబ్బరులా సాగుతాయి.

వంద గ్రాముల అరటికాయలో దాదాపు 30 గ్రాముల పిండిపదార్థాలు ఉండవచ్చు. మీ వారికి మధుమేహం ఉంటే రోజుకు ఎంత తినవచ్చో వైద్యుణ్ణి అడిగాకే వడ్డించండి.